పార్ట్‌నర్ అంటున్నారు సరే, లెక్క ఎవరు రాయాలి?

బైకు, లైసెన్సు, స్మార్ట్ ఫోను ఉంటే చాలు, నల్గొండ గడియారం సెంటర్‌లో అయినా మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో అయినా నాలుగు రోజుల్లో డెలివరీ పనిలో చేరిపోవచ్చు. చేరడం తేలికే. నెల తిరిగేసరికి ఎంత వచ్చిందో యాప్ చూపిస్తుంది. ఎంత మిగిలిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లెక్క మీరే వేసుకోవాలి. దానికి ఏమేం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా, చేరేటప్పుడు చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ఒప్పందం సంగతి. అందులో మీ పేరు పక్కన ఉండే మాట ‘ఇండిపెండెంట్ కాంట్రాక్టర్’, లేదంటే ‘డెలివరీ పార్ట్‌నర్’. మాట ఏదైనా మీరు ఉద్యోగి కాదని దాని సారం. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, పైసలతో సెలవు లేదు. బండి మీది, పెట్రోలు మీది, పంక్చరు మీది, వానలో తడిసి ఫోన్ చెడిపోతే అదీ మీదే. పాలమూరు నుంచి తరాలుగా వలస పోయిన ఇళ్లల్లో గుంపు మేస్త్రి అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. పని వాడు చూపిస్తడు, రేటు వాడు చెప్తడు, లెక్క వాడి పుస్తకంలోనే ఉంటది. యాప్ కూడా అట్లాంటి మేస్త్రే, కాకపోతే నిలదీయడానికి ముఖం ఉండదు. అందుకే మీ పుస్తకం మీకు ఉండాలి.

ఒప్పందం మొత్తం చదివే ఓపిక లేకపోతే నాలుగు చోట్ల మాత్రం ఆగి చదవండి: ఐడీ (యాప్‌లో మీ పేరున్న ఖాతా) ఎప్పుడు ఆపేస్తారు, రేటు మార్చే ముందు చెప్తారా లేదా, ప్రమాద బీమా ఏ పరిస్థితిలో వర్తిస్తుంది, గొడవొస్తే ఏ ఊళ్లో తేల్చుకోవాలి. తెలుగులో పెట్టుకునే వీలు యాప్‌లో ఉంటే పెట్టుకోండి, లేకపోతే చదువుకున్న పిల్లలతో చదివించుకోండి. ఈ నాలుగూ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. రేపు నియమం మారితే, మీరు చేరినప్పుడు ఏముందో చూపించడానికి అదొక్కటే ఆధారం.

ఊళ్లోనా, హైదరాబాద్‌లోనా

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో ఆర్డర్లు మధ్యాహ్నం భోజనం వేళ, రాత్రి ఏడు దాటాక ముమ్మరంగా ఉంటాయి. నడుమల ఖాళీ. దూరాలు చిన్నవి, ఇల్లు దగ్గర, పూట తిండికి ఖర్చు లేదు. కానీ ఆర్డర్లు తక్కువ. తిప్పర్తి నుంచో కనగల్ నుంచో, అటు దేవరకద్ర నుంచో రోజూ పట్నంలోకి వచ్చి చేసేవాళ్లు ఆ రానూపోనూ పెట్రోలును కూడా ఖర్చులో కలపాలి. చాలామంది కలపరు.

హైదరాబాద్ పోతే ఆర్డర్లు ఎక్కువ, రోజు మీద కనబడే పైసలు ఎక్కువ. నల్గొండ వైపు పిల్లలు ఎల్బీనగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ, పాలమూరు వాళ్లు శంషాబాద్, ఆరాంఘర్ వైపు రూములు తీసుకుంటారు. రూము వాటా, మెస్సు, నెలకు రెండుసార్లు ఊరికొచ్చి పోవడం, ఇవన్నీ తీసేసి ఊళ్లో వచ్చేదాంతో పోల్చండి. నన్నడిగితే మొదటి నెల సొంతూరి దగ్గరే, ఉన్న బండి మీదనే చేసి చూడండి. ఈ పని కోసమని ఈఎంఐ మీద కొత్త బండి తీయడం మాత్రం వద్దు. ఆర్డర్లు తగ్గిన నెల కూడా ఈఎంఐ తగ్గదు.

వ్యవసాయం ఉన్న ఇళ్ల వాళ్లకు ఇంకో సంగతి. వరి కోతలప్పుడు, ఐకేపీ సెంటర్లో వడ్లు పోసి కాంటా కోసం కాపలా ఉన్నప్పుడు పది పదిహేను రోజులు యాప్ ఆన్ చేయలేరు. సెలవు అడగాల్సిన పని లేదు, అది ఈ పనిలో ఉన్న మంచి. అయితే చాలా రోజులు లాగిన్ కాకపోతే ఐడీ నిద్రలోకి పోవచ్చు, మళ్లీ తెరవడానికి తిప్పలు. కోతలకు పోయేముందే ఎన్ని రోజుల గడువో యాప్‌లోని సహాయ విభాగంలో అడిగి, జవాబును దాచుకోండి.

లెక్క

ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. ఐదు గళ్లు గీయండి: తేదీ, పొద్దున బండి మీటరు రీడింగు, రాత్రి రీడింగు, యాప్‌లో పడ్డ మొత్తం, లాగిన్‌లో ఉన్న గంటలు. పెట్రోలు పోయించిన రోజు పక్కన రాసుకోండి. ఫోన్‌లో రాసుకున్నా సరే. కానీ బంకు దగ్గర నిలబడ్డప్పుడే రాసేయాలి, రాత్రికి గుర్తుండదు.

ఇప్పుడు ఒక రోజు తీసుకుందాం. అంకెలు లెక్క కోసం అనుకుంటున్నవే, మీ అంకెలు మీరు వేసుకోండి. ఇన్సెంటివ్‌తో కలిపి యాప్‌లో 900 రూపాయలు పడ్డాయి. బండి 110 కిలోమీటర్లు తిరిగింది. ఆగుతూ పోతూ తిరిగే బండి లీటరుకు 45 ఇస్తుందనుకుంటే, లీటరు 107 రూపాయల చొప్పున పెట్రోలుకే 261. ఇది అందరూ తీసేస్తారు. ఇంకా తీయాల్సింది బండి అరుగుదల. రోజుకు 110 అంటే నెలకు పాతిక రోజుల్లో 2,750 కిలోమీటర్లు, దాదాపు ప్రతి నెలా ఇంజనాయిల్ మార్చాల్సిందే. ఏడాదిలో 33,000. ఆలోపు టైర్లు, చైన్ సెట్టు, బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు ఒక్కొక్కటీ ఖర్చు పెట్టిస్తాయి. కిలోమీటరుకు ఒక్క రూపాయి పక్కన పెట్టండి, అంటే 110. ఫోన్ డేటాకు 12. మిగిలింది 517. లాగిన్ అయ్యింది 11 గంటలు. గంటకు 47 రూపాయలు.

ఈ చివరి అంకె మీద కన్నుంచండి. 900 అనుకుని నిద్రపోయిన రోజు నిజానికి గంటకు 47 రూపాయల రోజు. అది మంచిదా చెడ్డదా అన్నది మీ పరిస్థితిని బట్టి. ఊళ్లో ఇంకో పనికి ఎంత వస్తుంది, ఎండలో ఎంత కష్టం, ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు, ఇవన్నీ చూసుకోవాలి. కనీసం ఏ పూట పని గిట్టుబాటు అవుతుందో ఈ పుస్తకం రెండు వారాల్లో చెప్పేస్తుంది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా గంటకు పాతిక కూడా రాకపోతే, నల్గొండ మే నెల ఎండలో ఆ మూడు గంటలు చెట్టు కింద కూర్చోవడం కంటే ఇంటికి పోయి పడుకోవడం లాభం.

ఆ కిలోమీటరుకు రూపాయిని ఉత్త లెక్కగా వదిలేయకండి. వారం వారం తీసి వేరే ఖాతాలో వేయండి. బండి షెడ్డుకు పోయిన రోజు అప్పు యాప్ తెరిచే పని ఉండదు. పది నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్‌లు ఈ పని చేసేవాళ్లనే వెతుక్కుంటూ వస్తాయి, వాటి జోలికి పోవద్దు.

ఇన్సెంటివ్ గురించి ఒక మాట. స్లాబు, అంటే ఇన్ని ఆర్డర్లు అన్న మెట్టు, దాటితే ఇంత, ఇంకో స్లాబుకు ఇంత అని యాప్ చూపిస్తుంటుంది. రాత్రి పదిన్నరకు ఇంకా రెండు ఆర్డర్లు చేస్తే స్లాబు నిండుతుంది, ఆర్డరేమో రావడం లేదు. అట్లా రెండు గంటలు రోడ్డు మీద నిలబడి, నిద్ర కళ్లతో ఆఖరి ఆర్డరు కోసం బైపాస్ దాకా పోవడం రోజూ జరిగే పనే. పొద్దుననే ఒక టైము పెట్టుకోండి. ఆ టైముకు స్లాబు నిండినా నిండకున్నా లాగౌట్. వందో నూట యాభయ్యో పోతుంది, పోనీయండి.

కాగితాలు

గేరు బండికి సరిపడే డ్రైవింగ్ లైసెన్సు లేకుండా దిగకండి. లెర్నింగ్ లైసెన్సు వచ్చాక కనీసం 30 రోజులు ఆగితేనే పర్మనెంటుకు టెస్టు ఇస్తారు, ఆ లెర్నింగ్ 6 నెలలే చెల్లుతుంది. కాబట్టి ఈ పని ఆలోచన రాగానే ముందు దానికి స్లాటు బుక్ చేయండి.

బండి ఇన్సూరెన్సు దగ్గర జాగ్రత్త. థర్డ్ పార్టీ పాలసీ చట్టప్రకారం తప్పనిసరి. కానీ సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద కిరాయి పని చేస్తూ ప్రమాదం జరిగితే, కంపెనీ క్లెయిమ్ దగ్గర కొర్రీ పెట్టే వీలుంది. డెలివరీ చేస్తానని ఏజెంటుకు ముందే చెప్పి, అది వర్తిస్తుందో లేదో వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోండి. మనుషులను ఎక్కించుకునే బైక్ ట్యాక్సీ అయితే సంగతి వేరు. 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు తెల్ల నంబరు ప్లేటు బైకులను రాష్ట్రం అనుమతిస్తేనే నడపొచ్చన్నాయి. కాబట్టి ముందు మీ జిల్లా ఆర్టీఏ ఆఫీసులో అడిగి దిగండి. పక్కవాడు నడుపుతున్నాడు కదా అన్నది చలానా దగ్గర పనికిరాదు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు, ఐడీ ఇచ్చిపుచ్చుకోవడం. తమ్ముడికి లైసెన్సు లేదని అన్న ఐడీ మీద నడపడం, సోపతిగాడి ఐడీ ఖాళీగా ఉందని దాని మీద చేసి సగం సగం పంచుకోవడం. పట్టుబడితే ఐడీ పోతుంది, అది చిన్న సంగతి. ప్రమాదం జరిగితే యాప్ ఇచ్చే బీమా ఆ ఐడీలో పేరున్న మనిషిదే. రోడ్డు మీద పడ్డది మీరు, కాగితం మీద ఉన్నది అతను. ఆసుపత్రి బిల్లు దగ్గర మీరెవరో యాప్‌కు తెలియదు. ఎంత దగ్గరివాళ్లయినా ఇవ్వకండి, తీసుకోకండి.

క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు కూడా అంతే. సాయంత్రానికి జేబులో రెండు మూడు వేలు ఉంటాయి, ఇంట్లో అవసరం ఉంటుంది, రేపు కడదామనిపిస్తుంది. అది మీ డబ్బు కాదు. పరిమితి దాటితే యాప్ ఆర్డర్లు ఆపేస్తుంది, ఆ రోజు కూలీ పోతుంది. క్యాష్ వేరే జేబులో పెట్టి, రాత్రి ఇంటికి పోయేముందే జమ చేసి రసీదు స్క్రీన్‌షాట్ తీయండి.

దెబ్బ తగిలితే

65 నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా, 44 నంబరు రహదారి మీద జడ్చర్ల, భూత్పూర్ మీదుగా బండి నడిపేవాళ్లకు లారీలు, బస్సుల వేగం కొత్త కాదు. ప్రమాదం జరిగితే 108కి, జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయండి. ఒళ్లు తెలివిలో ఉంటే వెంటనే యాప్‌లో నడుస్తున్న ఆర్డరు స్క్రీన్‌షాట్ తీయండి, మీ వల్ల కాకపోతే పక్కన నిలబడ్డవాళ్లతో తీయించండి. కంపెనీలు ఇచ్చే బీమా చాలావరకు ఆర్డరు మీద ఉన్నప్పుడే వర్తిస్తుంది, ఆ ఫోటో తర్వాత ఎక్కడా దొరకదు. ఆసుపత్రిలో రోడ్డు ప్రమాదం అని రాయించండి. బండి మీద నుంచి జారిపడ్డానని మామూలుగా చెప్పేసి కట్టు కట్టించుకుని ఇంటికొస్తే, మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలియజేసే కేసు) రాయరు, తర్వాత ఎఫ్‌ఐఆర్‌కు, క్లెయిమ్‌కు తిరగలేక యాష్టకొస్తుంది.

కంపెనీ బీమాను నమ్ముకుని ఊరుకోకండి. మీ బ్యాంకులోనే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల దాకా తీసుకోవచ్చు. జీవన జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, 18 నుంచి 50 ఏళ్ల వాళ్లు చేరొచ్చు. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క. మే నెలాఖరుకు ఖాతాలో ఆ పైసలు లేకపోతే పాలసీ ఆగిపోతుంది, అందుకని ఆ నెల ఖాతా ఊడ్చేయకండి. నామినీ పేరు సరిగా పడిందో లేదో ఒకసారి బ్యాంకులో చూసుకోండి. పెళ్లయ్యాక కూడా నామినీగా నాయన పేరే ఉండిపోయిన ఖాతాలు చాలానే ఉంటాయి.

సర్కారు దగ్గర పేరు

2020 నాటి సామాజిక భద్రతా చట్టంలో గిగ్ వర్కర్ (మీలాగా ఉద్యోగిగా కాకుండా పని పనికి పైసలు తీసుకునే మనిషి) అన్న మాట మొదటిసారి చేరింది. ఆ చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి ఇవ్వాలి, అయితే అది వర్కర్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటకూడదు అన్నది అందులోని ఏర్పాటు. ఆ తర్వాత వచ్చిన ముసాయిదా నిబంధనల్లో, ఏడాదిలో ఒకే కంపెనీకి కనీసం 90 రోజులు, రెండు మూడింటికి చేస్తే 120 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు పెట్టారు. మీ నోటు పుస్తకంలోని తేదీల గడికి ఇక్కడ ఇంకో ఉపయోగం వచ్చింది.

రాష్ట్రం సంగతికొస్తే, 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల సంక్షేమానికి ముసాయిదా బిల్లు బయటపెట్టారు. వీటిలో ఏది అందాలన్నా మీరు ఈ పని చేస్తున్నట్టు ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి.

అది ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో చేసుకోండి. ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే ఫోన్‌లోనే అయిపోతుంది. 12 అంకెల నంబరు వస్తుంది. రిజిస్ట్రేషన్ ఉచితం. సొంతంగా చేతకాక సెంటర్‌కు పోతే, వృత్తి అడిగిన చోట వాళ్లు ‘వ్యవసాయ కూలీ’ అని కొట్టేస్తారు, పక్కనే నిలబడి ప్లాట్‌ఫామ్ వర్కర్ (యాప్ ద్వారా పని చేసేవాళ్లు) అని, కంపెనీ పేరుతో సహా పెట్టించండి. 2025 బడ్జెట్‌లో ఈ-శ్రమ్‌లో చేరిన గిగ్ వర్కర్లకు గుర్తింపు కార్డు, ఆయుష్మాన్ భారత్ వైద్యం ఇస్తామని కేంద్రం చెప్పింది. అనుమానాలుంటే 14434కు ఫోన్ చేయొచ్చు.

ఇంట్లో కూర్చుని చేసే పనులు

బండి పనే గిగ్ పని అనుకోవద్దు. పెళ్లి వీడియోల ఎడిటింగ్, ఫ్లెక్సీ డిజైన్, తెలుగు డీటీపీ, ఆన్‌లైన్ ట్యూషన్, ఏసీ సర్వీసింగ్, పొలాల్లో డ్రోన్‌తో మందు కొట్టడం, అన్నీ కాంట్రాక్టు పనులే. ఇక్కడ యాప్ బాధ లేదు, బాకీ బాధ ఉంది. తెలిసినవాళ్లే కదా అని మాట మీద పని మొదలుపెడితే, డబ్బు అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. పని మొదలయ్యే ముందే ఇట్లా ఒక మెసేజ్ పెట్టండి:

‘అన్నా, మీ పెళ్లి వీడియో 40 నిమిషాలకు కట్ చేసి ఇస్తా. మొత్తం 8,000. ఇప్పుడు 4,000, ఫైనల్ ఫైల్ ఇచ్చే ముందు 4,000. రెండుసార్లు మార్పులు ఇందులోనే. మూడోసారి నుంచి ఒక్కో మార్పుకు 500. సరే అంటే ఓకే అని పెట్టండి, పని మొదలుపెడతా.’

వాళ్లు పెట్టే ఆ ‘ఓకే’ చాలు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం చెబుతోంది. మార్పుల సంఖ్య రాయడం మర్చిపోవద్దు, పెళ్లి వీడియోలో మేనత్త కనబడలేదని ఆరోసారి ఫోన్ వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పని కంపెనీలకు చేస్తుంటే చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. నమోదైన చిన్న సంస్థల బిల్లును రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. బాకీ అడిగే మెసేజ్‌లో ఆ ఒక్క వాక్యం రాస్తే చాలాసార్లు పైసలు కదులుతాయి.

ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అన్నారంటే అది మోసమే, ఆలోచించక్కర్లేదు. పని చేసిపెట్టాక తప్పులున్నాయని, లీగల్ నోటీసు పంపిస్తామని బెదిరించి ఇంకా గుంజుతారు. భయపడి కట్టొద్దు. కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పన్ను

దీనికి భయపడేది తక్కువ, తెలుసుకోవాల్సింది కొంచెం. కాంట్రాక్టు పనికి ఇచ్చే డబ్బులో కంపెనీ 1 శాతం పన్ను కోసి మీ పాన్ మీద జమ చేస్తుంటుంది. 2025-26 నుంచి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు కాబట్టి, మామూలుగా ఆ కోసింది తిరిగి మీకే రావాలి. కానీ రిటర్ను వేస్తేనే వస్తుంది. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయితే ఎంత కోశారో కనబడుతుంది. పైగా వేసిన రిటర్నులే రేపు బ్యాంకులో ఆదాయానికి రుజువు. జీతం స్లిప్పు లేని మనకు అంతకు మించిన కాగితం లేదు. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటనంత వరకు మామూలుగా సొంత జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు.

ఐడీ ఆగిపోతే, లేదా మీరే మానేస్తే

ఒక పొద్దున యాప్ తెరవదు. ఎందుకో చెప్పరు. ముందు ఆవేశంతో చాట్‌లో తిట్లు రాయకండి, అది కూడా రికార్డే. కారణం అడుగుతూ ఒక మెసేజ్, రెండు రోజులాగి గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. కంపెనీ వెబ్‌సైట్ అట్టడుగున ఆ పేరు, మెయిల్ ఉంటాయి. తేదీ, ఐడీ నంబరు, రావాల్సిన డబ్బు ఎంత, ఇవి మూడు చాలు. జవాబు రాకపోతే జిల్లా కేంద్రంలో లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒక్కరే తిరగడం కష్టమైతే తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ లాంటి సంఘాల వాళ్లను కలవండి, ఇట్లాంటి కేసులు వాళ్లకు పాతవే.

మీరే మానేయాలనుకుంటే తొందరపడి ఐడీ మూయించకండి. చేతిలో ఉన్న క్యాష్ మొత్తం జమ చేసి, బ్యాగు, టీషర్టు కోసం పట్టుకున్న డిపాజిట్టు తిరిగి అడగండి. పడాల్సిన వారం డబ్బు ఖాతాలో పడనీయండి. చేరిన రోజు నుంచి ప్రతి నెల పేమెంటు స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసి మీ మెయిల్‌కు పంపించుకోండి. ఐడీ మూతపడ్డాక లాగిన్ ఉండదు, రిటర్ను వేసేటప్పుడు ఆ కాగితాలు ఎవరూ ఇవ్వరు. అవి మీ మెయిల్‌లో కనబడ్డాకే ఐడీ మూయించమని రాయండి.